ఖడ్గము నుండి ఖాకీ వరకు: వీరనాయకుల నవలలు, రాష్ట్రేతరాంధ్ర పాఠకులు

వాఙ్మయ చరిత్రలలో స్థానము దొరకక, ఇండ్లలో మాత్రము చిరకాలము స్థానము సంపాదించుకొన్న పుస్తకములు కొన్ని కలవు. తలగడ క్రింద దాచుకొని, పాఠ్యపుస్తకము నడుమ నుంచుకొని, వంటయింటి గడపపై కూర్చుండి జనులు చదివిన పుస్తకము లవి. వానిలో నాయకుడు సైనికుడో, పోలీసు అధికారియో, గూఢచారియో యగును. నాయిక ఆపదలో నుండును. ఇరువుర నడుమ అనురాగ మంకురించును. దాని చుట్టును ఒక రహస్యము పొగమంచువలె క్రమ్ముకొని యుండును. ఆ మంచు విడువరకు పాఠకుడు పుస్తకము మూయడు.

పండితులు ఈ నవలలను కాలక్షేపపు సరకని త్రోసివేసిరి. అయినను తెలుగునేలకు వెలుపల తరతరములుగా స్థిరపడిన ఆంధ్రుల దృష్టితో చూచినచో వీని విలువ వేరుగా కనబడును. మొదటి మాట, ఈ నవలలలోని వీరుడు వారికి పరాయివాడు కాడు. రెండవది, తెలుగును మాటలాడుటయే కాని చదువుట యెరుగని యింటికి అక్షరమును తెచ్చిపెట్టగల శక్తి ఈ నవలలకు కలదు. ఈ రెండు విషయములను పరిశీలించుటయే ఈ వ్యాసోద్దేశము.

తెలుగు పేరు, సిపాయి వేషము

సైనికుని వేషమునకును తెలుగువారి పేరునకును గల సంబంధము విచిత్రమైనది. పదునెనిమిదవ శతాబ్దిలో ఈస్టిండియా కంపెనీ చెన్నపట్టణ ప్రాంతమున సిపాయిలను చేర్చుకొని వారికి ఐరోపా పద్ధతిని కవాతు నేర్పెను. 1756లో సిరాజుద్దౌలా కలకత్తాను పట్టుకొనగా, దానిని మరల సాధించుటకై క్లైవు చెన్నపట్టణము నుండి ఓడలపై తీసికొనిపోయిన సైన్యములో ఈ సిపాయిలుండిరి. 1757లో ప్లాసీ యుద్ధమున వారు పోరాడిరి. ఆ యేడే వంగదేశమున క్రొత్తగా చేర్చిన పటాలమునకు ఎఱ్ఱకోటులు తొడిగించుటచే దానికి 'లాల్ పల్టన్' అను పేరు కలిగెను.

ఉత్తరాది జనులు ఈ క్రొత్తరకపు సిపాయిని 'తిలంగా' యని పిలిచిరి. తెలుగుదేశపువాడని ఆ మాటకు మొదటి యర్థము. కాలక్రమమున ఆ మాట జాతిని విడిచి వేషమును పట్టుకొనెను. అయోధ్య ప్రాంతమున పుట్టి, తెలుగు ముక్క యెరుగనివాడును కంపెనీ దుస్తులు తొడిగినచో తిలంగాయే. 1857లో ఢిల్లీ నగరమున తిరుగుబాటు సిపాయిలను గూర్చి పుట్టిన ఉర్దూ కాగితములలో 'తిలంగే' అను మాట పలుమారులు కనబడుచున్నది. ఒక జాతి పేరు యూనిఫారమునకే పేరైన ఉదాహరణములు లోకమున అరుదు.

ఇక తమిళనాట స్థిరపడిన తెలుగువారిలో అనేక కుటుంబముల వలసగాథ సైన్యముతోనే ముడివడి యున్నది. విజయనగర సామ్రాజ్య కాలమున, పదునారవ శతాబ్ది పూర్వార్ధమున, విశ్వనాథ నాయకుడు మధురలో నాయకరాజ్యమును నెలకొల్పెను. దేశమును 72 పాళెములుగా విభజించి, పాళెగాండ్రు సేనలతో రాజునకు తోడ్పడునట్లు చేసిన యేర్పాటు ఆ కాలముదే. రాజపాళయము మొదలుకొని కోయంబత్తూరు వరకు గల తెలుగు కుటుంబములలో "మా పెద్దలు కత్తి పట్టి వచ్చిరి" అను మాట నేటికిని వినబడును. పాంచాలంకురిచ్చి పాళెగాడై, కంపెనీవారి నెదిరించి, 1799లో కయత్తారు వద్ద ఉరికంబమెక్కిన వీరపాండ్య కట్టబొమ్మడు తెలుగు మూలముగల వంశమువాడే. కాని యతని వీరగాథను జనులు పాడుకొన్నది తమిళమున. 1959లో చలనచిత్రముగా చూచినది తమిళమున.

అందరును కత్తి పట్టి వచ్చినవారు కారు. షోలాపురమునకు మగ్గముతో వచ్చిరి. బొంబాయికి కూలిపనికై వచ్చిరి. కొందరైతే వలస పోకయే రాష్ట్రేతరులైరి. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడగా బరంపురము ఆ వైపు చేరెను. 1953లో బళ్లారియు, 1956లో రాయచూరును మైసూరు రాష్ట్రమున కలిసెను. యానాము 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. కదలినది మనుష్యులు కాదు, సరిహద్దు. ఇట్టి సమాజములలో "మనవారెవరు?" అను ప్రశ్నకు చరిత్రగ్రంథము కంటె ముందుగా సమాధానము చెప్పునది కథయే.

రాజపుత్రుని నుండి గన్నారెడ్డి వరకు

వీరము, ప్రేమ, రహస్యము అను మూడు పోగులను పేని నవల యల్లుట భారతీయ భాషలలో వంగదేశమున ప్రసిద్ధికెక్కెను. 1865లో బంకించంద్ర చటోపాధ్యాయుడు వ్రాసిన 'దుర్గేశనందిని'లో మానసింహుని కుమారుడైన జగత్సింహుడు తుపాను రాత్రివేళ దేవాలయమున తిలోత్తమను చూచుటతో కథ మొదలగును. యుద్ధము, చెర, శత్రువుల యింట శుశ్రూష, అనుమానము, తుదకు వివాహము. తరువాతి కాలపు వీరప్రేమ నవలల సామగ్రియంతయు అందు కలదు. బంకిము నవలలు తెలుగునకు వచ్చెను; బి. వేంకటాచార్యుల ద్వారా కన్నడమునకును వచ్చెను.

తెలుగున చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు 1896లో వెలువరించిన 'హేమలత' రాజపుత్ర వీరుల చరిత్ర నాధారముగా గొన్న నవల. 1906లో హైదరాబాదున పుట్టి, తరువాత చెన్నపట్టణమునకు మారిన విజ్ఞాన చంద్రికా మండలి చారిత్రక నవలలను ప్రోత్సహించెను. అప్పుడు తెలుగు రచయితల దృష్టి రాజపుత్రస్థానము నుండి తమ నేలవైపు మరలెను. కేతవరపు వేంకటశాస్త్రిగారి 'రాయచూరు యుద్ధము' 1520లో కృష్ణదేవరాయలు బిజాపురపు ఆదిల్షాహిపై గెలిచిన యుద్ధమునకు సంబంధించినది.

ఈ మార్గమున సామాన్య పాఠకుని మిక్కిలి యాకర్షించిన నవల అడివి బాపిరాజు (1895-1952) గారి 'గోన గన్నారెడ్డి'. నడుమ పెండ్లిపందిరి నుండి పెండ్లికొడుకునే యెత్తుకొనిపోయిన గజదొంగతో కథ ఆరంభమగును. ఆ దొంగ యెవడు? ఎవరి పక్షమువాడు? అతని సాహసములు కాకతీయ రాజ్యమునకు చేటా, మేలా? లోకమునకు దొంగగా కనబడువాడు లోలోపల రుద్రమదేవికి నమ్మిన బంటని పాఠకునకు క్రమముగా తెలియును. పెండ్లి చెడిన అన్నాంబికయే యతనికి హృదయేశ్వరి యగును. రాజ్యమేలు రుద్రమ పురుషవేషమున పెరిగినది. అన్నాంబికయు పురుషవేషము ధరించును. వీరవేషము పురుషులకే సొత్తు కాదని చెప్పిన నవల యిది.

ఈ గన్నారెడ్డి కేవల కల్పన కాడు. 'రంగనాథ రామాయణము'ను వ్రాసినట్లు ప్రసిద్ధుడైన గోన బుద్ధారెడ్డి వంశమువాడు. కర్ణాటకలోని రాయచూరు కోటగోడయందు నలుబది యొక్క అడుగులకు మించిన పొడవుగల రాతిపలక యొకటి కలదు. దానిపై 1294 నాటి శాసనమున గోన గన్నయ రెడ్డి పేరును, అతని సేనానియైన విఠలనాథుడు ఆదవోని మొదలగు కోటలను సాధించి రాయచూరు కోట కట్టించిన వృత్తాంతమును కలవు. రాయచూరు తెలుగు బాలుడు ఆ గోడ ప్రక్కనే నడచి బడికి పోవుచుండును. ఆ రాతిని అతనికి చూపువాడు లేకపోవచ్చును. నవల చదివిన దినమున మాత్రము అతడు తనంతట తానే వెనుదిరిగి చూచును. పరిశోధకుడు పది వ్యాసములతో సాధింపలేని పని నవల యొక్క రాత్రిలో సాధించును.

ఖాకీకి గౌరవము వచ్చిన కాలము

ఎఱ్ఱకోటు తరువాత ఖాకీ వచ్చెను. పారసీకమున 'ఖాక్' అనగా దుమ్ము. పందొమ్మిదవ శతాబ్ది నడుమ పెషావరు ప్రాంతమున హ్యారీ లమ్స్‌డెన్ చేర్చిన గైడ్స్ దళము దుమ్మురంగు దుస్తులను తొడుగ నారంభించెను. ఎఱ్ఱకోటు శత్రువునకు దూరమునుండియే కనబడును. ఖాకీ నేలలో కలిసిపోవును. ఆ రంగే తరువాత పోలీసులకును వచ్చెను.

కాని స్వాతంత్ర్యమునకు పూర్వము ఖాకీ తొడిగినవాడు తెలుగు కథలో నాయకుడగుట కష్టము. ఉప్పు సత్యాగ్రహమున లాఠీ యెత్తినది ఆ ఖాకీయే. ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి'ని నిషేధించినది ఆ ప్రభుత్వమే. అందుచేత నాటి రచయిత వీరుని ప్రాచీనకాలమున వెదకెను. లేదా, గన్నారెడ్డివలె, దొంగవేషమున నున్న దొరను సృష్టించెను. చట్టము పరాయిదైనప్పుడు చట్టమునకు వెలుపల నున్నవాడే జనుల నాయకుడగును.

1947 తరువాత ఈ స్థితి మారెను. కొమ్మూరి సాంబశివరావుగారు 1950ల చివరిభాగము నుండి వ్రాసిన అపరాధ పరిశోధన నవలలలో డిటెక్టివ్ యుగంధరు మామూలు దుస్తులవాడు. అతని సహాయకుడు రాజు. వారికి తోడుగా యూనిఫారమున వచ్చు పోలీసు ఇన్‌స్పెక్టరు పేరు స్వరాజ్యరావు. రచయిత యేమి తలచి పెట్టెనో కాని, ఆ పేరులో ఒక యుగము మారిన సంగతి యున్నది. పదియేండ్ల క్రితము భయమునకు గుర్తైన ఖాకీ ఇప్పుడు యుగంధరునితో కూర్చుండి కాఫీ త్రాగదగిన స్నేహితుడయ్యెను. 1962లో చైనాతోను, 1965, 1971లలో పాకిస్తానుతోను జరిగిన యుద్ధములు సైనికుని ప్రతి యింటి మాటగా చేసెను. తరువాత మధుబాబుగారి 'షాడో' వచ్చి, రహస్యోద్యోగియైన వీరుని దేశదేశములు త్రిప్పెను.

ఈ పుస్తకములు చవుకగా దొరకెడివి. వేయి నవలలు వ్రాసినవారని పేరొందిన కొవ్వలి లక్ష్మీనరసింహరావుగారి ప్రేమకథలు రైలు ప్రయాణీకుల చేతులలో తిరిగెను. అద్దెకు పుస్తకము లిచ్చు దుకాణములు వీథివీథిని వెలసెను. కొనలేనివాడు కొన్ని పైసలకు తెచ్చుకొని, మరునాటి లోపల చదివి తిరిగి యిచ్చెడివాడు. గడువు దాటిన రెండవ దినపు అద్దె పడును గనుక వేగముగా చదువవలసి యుండెను. ఈ వేగమను మాటను గుర్తుంచుకొనవలెను. దీని ప్రయోజనము ముందు తెలియును.

అప్పుడు పొరుగుభాషలలోను ఇదే ఋతువు. కన్నడమున ఎన్. నరసింహయ్య 'పత్తేదార పురుషోత్తమ'తో పాఠకులను కట్టివేసెను. మరాఠీలో బాబూరావు అర్నాళకరు వందలకొలది రహస్యకథలు వ్రాసెను. తమిళమున తమిళ్వాణన్ గారి శంకర్‌లాల్ ఇంటింటి చుట్టమయ్యెను. 1950 నుండి 1954 వరకు 'కల్కి' పత్రికలో వెలువడిన 'పొన్నియిన్ సెల్వన్'లో వల్లవరైయన్ వందియత్తేవన్ అను యోధుడు లేఖ పట్టుకొని గుఱ్ఱముపై బయలుదేరగా, తమిళనాడంతయు అతని వెంట నడచెను. బెంగుళూరు తెలుగింటి యువకుడు నరసింహయ్యను, మధుర తెలుగింటి యువతి కల్కిని చదివిరనుటలో ఆశ్చర్యము లేదు; అది దోషమును కాదు. రెండు భాషల కథలు తెలిసినవాడు రెండిండ్ల ధనవంతుడు. కాని రెండవ యింటి తలుపు తెరచి యుండి, మొదటి యింటి తలుపు మూసికొనిపోయినచో అది నష్టము.

కథావేగము, అక్షరాభ్యాసము

ఆ తలుపు ఎట్లు మూసికొనును? తెలుగు బిడ్డ యింట తెలుగు వినును. బడిలో వేరు లిపి నేర్చును. తమిళలిపిలో క, ఖ, గ, ఘ అను నాలుగింటికిని ఒకే యక్షరము. ఆ లిపికి అలవాటుపడిన బిడ్డ తెలుగున 'కడియము', 'గడియ' అను మాటల మొదటి యక్షరములకు తేడా చూడవలెనని యెరుగక తడబడును. 'ఖడ్గము', 'ఘటన' అను మాటల వద్ద ఆగిపోవును. కన్నడలిపి చదివిన బిడ్డకు తెలుగులిపి దాదాపు చుట్టమే. తలకట్టు తీరు, కొన్ని యక్షరముల వంపు తెలిసికొన్నచో కొలది దినములలో చదువగలడు. కాని ఆ సంగతి అతనికి చెప్పువారు తక్కువ. ఒడియాలిపి, దేవనాగరి చదివినవానికి అక్షరములు వేరైనను వర్ణక్రమ మొక్కటే. మహాప్రాణములు అతనికి క్రొత్త కావు.

అక్షరములు నేర్చుట మొదటి మెట్టు. పద్యము, ప్రబంధము పై మెట్టు. నడుమనున్న మెట్టు ధారాళముగా చదువుట. అది వ్యాకరణముచే రాదు. చదువుచు చదువుచు రావలెను. తెలియని మాట యెదురైనప్పుడు ఆగక, సందర్భమునుబట్టి గ్రహించి సాగిపోవు నేర్పు కావలెను. చీకటి గదిలో నాయిక చేయి తలుపు గడియపై నున్నది, వెలుపల బూట్ల చప్పుడు వినబడుచున్నది. వచ్చువాడు ఇన్‌స్పెక్టరా, హంతకుడా? ఇట్టి చోట ఏ పాఠకుడును ఒత్తక్షరమునకు భయపడి పుస్తకము మూయడు. పై పుట తెలియవలెనను తహతహయే అతని చేత చదివించును. వంద పుటలు గడచునప్పటికి ఒత్తులు కంటికి అలవాటగును. అద్దె దుకాణపు గడువు నేర్పిన వేగ మిదియే.

బాలురకు ఈ మేలు 'చందమామ' చేసెను. 1947లో చెన్నపట్టణమున తెలుగు, తమిళ భాషలలో ప్రారంభమైన ఆ పత్రికలో 1954లో దాసరి సుబ్రహ్మణ్యముగారి 'తోకచుక్క' మొదలుకొని జానపద సాహస ధారావాహికలు వెలువడెను. ప్రతి భాగమును ఆపద నడుమ ఆగిపోయెడిది. తమిళనాట తెలుగు బిడ్డ ఒక భాషలో తెలిసిన కథను రెండవ భాషలో పోల్చి చదువుకొన వీలుండెను. ఇంతకంటె మంచి ద్విభాషా వాచకమును ఏ పాఠ్యపుస్తక సంఘము తయారుచేసెను?

ఈ నవలల దోషములు

ఈ రచనలను నెత్తిన పెట్టుకొనుమనుట లేదు. వీనియందు దోషములు పెక్కు కలవు. తొందరలో వ్రాసినవాని భాష పలుచన. కొన్నింట స్త్రీ గెలుచుకొనదగిన బహుమానమే కాని మనస్సుగల మనిషి కాదు. కొన్నింట యూనిఫారము తొడిగినవాడు నిందితుని కొట్టి నిజము రాబట్టుటను వీరత్వముగా చూపుదురు. న్యాయస్థానమునకు చోటులేని న్యాయము ప్రమాదకరము. యూనిఫారము రాజ్యము ఎరువిచ్చిన వస్త్రము. దానిలోని హృదయము మాత్రమే ఆ మనిషిది. ఈ రెంటి ఘర్షణను చూపిన నవల నిలుచును. చూపనిది అద్దె దుకాణముతోనే పోవును. గన్నారెడ్డి నిలుచుటకు కారణ మిదియే.

ఈ రుచి తెలుగువారి బలహీనతయు కాదు. కెనడా దేశపు హార్లెక్విన్ సంస్థ 1984లో 'ఇంట్రీగ్' అను పేర ప్రేమరహస్య నవలల మాలను ప్రత్యేకముగా ప్రారంభించెను. అమెరికాలో సుజాన్ బ్రాక్‌మన్ 1996లో 'ప్రిన్స్ జో'తో నౌకాదళపు సీల్ యోధుల వరుస నారంభించెను. నేడు మన పిల్లలు సెల్‌ఫోనుపై ఇంగ్లీషున అట్టివానిని చదువుచున్నారు. అందుచేత వీరప్రేమ కథపై కోరిక చావలేదు. ఆ కోరికను తీర్చుచున్న భాష మాత్రము మారెను.

నేటి కర్తవ్యము

మారుటకు కారణములు కనబడుచునే యున్నవి. రాష్ట్రములు విడిపోయిన తరువాత తెలుగు పత్రికలును ముద్రణయు క్రమముగా చెన్నపట్టణమును విడిచెను. 1908లో బొంబాయిలో పుట్టి, చెన్నపట్టణమున దినపత్రికయై పెరిగిన 'ఆంధ్రపత్రిక' 1991లో ఆగిపోయెను. 'చందమామ' అచ్చును తరువాత నిలిచిపోయెను. 2006లో తమిళనాడు శాసనసభ తమిళమును పాఠశాలలలో ఒకటవ తరగతి నుండి క్రమముగా నిర్బంధ పాఠ్యభాష చేయుచు చట్టము చేసెను. రాజ్యాంగమున 1956లో చేర్చిన 350-ఎ అధికరణము అల్పసంఖ్యాక భాషలవారి బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పింపుమనుచున్నది. బోధన నిలుచుటకు న్యాయస్థానముల వరకు పోవుట అవసరమే. కాని పరీక్షలో తెలుగు నిలిచినను పడకగదిలో తెలుగు పుస్తకము లేకున్న ఆ గెలుపు కాగితముపై గెలుపే.

కావున తెలుగు సమాజములు చేయదగిన పని యొకటి కలదు. తాతల పెట్టెలలో, అటకలపై, చెదలకు సిద్ధముగా నున్న ఈ పాత నవలలను, అట్టలు చిరిగినవైనను, ప్రోగుచేయవలెను. సమాజ పఠనమందిరమున భారత భాగవతముల బీరువా తాళము వేసియే యుండుట అందరెరిగినదే. దాని ప్రక్కన తాళము లేని బల్లపై వీనిని ఉంచవలెను. రాయచూరువారు తమ బాలురను 'గోన గన్నారెడ్డి' చదివించి, పిమ్మట కోటకు తీసికొనిపోయి శాసనము చూపవలెను. రాజపాళయమున, బరంపురమున, షోలాపురమున, యానామున తమతమ పెద్దల కథలు ఇంకను వ్రాయబడక యున్నవి. కత్తితో వచ్చినవాని కథ, మగ్గముతో వచ్చినవాని కథ, కదలకయే సరిహద్దు దాటినవాని కథ తెలుగున వ్రాయు యువకులను, యువతులను ప్రోత్సహింపవలెను. వారు వ్రాయునది మొదట సామాన్యముగా నున్నను బాధ లేదు.

ఒకప్పుడు తెలుగువాని పేరు సిపాయి దుస్తులకు పేరై ఉత్తరాపథమంతయు వ్యాపించెను; ఆ దుస్తులలో తెలుగు మాటలాడువాడు లేకపోయినను పేరు మాత్రము నిలిచెను. నేటి రాష్ట్రేతర సమాజములకు అట్టి స్థితియే రాకూడదు. తెలుగు అను పేరు సంఘము పలకపై నిలిచి, లోపల తెలుగు చదువువాడు లేకపోవుట తగదు. పలక వెనుక పాఠకుని నిలుపుటకు రహస్యకథ పుస్తకమొకటి చాలునన్నచో, దానిని తలగడ క్రింద దాచవలసిన పనిలేదు. బిడ్డ చేతికే ఈయవచ్చును.